మాట చివర బొమ్మ

ఆ రాత్రి మా అమ్మాయి పంపిన సందేశంలో రెండే రెండు మాటలున్నాయి. "బాగానే ఉన్నా." పక్కన పసుపుపచ్చని గుండ్రటి మొహం ఒకటి. కళ్ళు రెండు చుక్కలు, పెదవులు సన్నటి వంకర గీత. నవ్వుతోంది కదా అని నేను ఫోను దిండు పక్కన పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. ఇక్కడ ఇడ్లీలు ఉడికితే అక్కడికి వాసన చేరుతుందేమో, సరిగ్గా ఆ వేళకే వస్తాడు.

"అక్క ఎలా ఉంది పెద్దమ్మా?" అన్నాడు.

"బాగానే ఉందిరా, రాత్రే రాసింది, కావలిస్తే చూడు" అని ఫోను చేతికిచ్చాను.

వాడు చూశాడు. చేతిలోని ఇడ్లీ ముక్క మళ్ళీ ప్లేటులో పెట్టేశాడు.

"పెద్దమ్మా, అక్క బాగా లేదు."

"అదేమిట్రా, నవ్వుతుంటేనూ!"

"ఇది నవ్వు కాదు. అక్క నిజంగా నవ్వితే ఈ బొమ్మ పెట్టదు. ఇది ఎలా చెప్పాలీ... ఏడుపు ఆపుకుంటున్నప్పుడు పెడతారు. లేకపోతే, ఇంక నన్నేమీ అడక్కు అన్నప్పుడు."

నేను బి.ఏ.లో తెలుగు ప్రత్యేకంగా చదువుకున్నదాన్ని. వాచ్యార్థం, వ్యంగ్యార్థం అని పరీక్షల్లో పేజీలు నింపినదాన్ని. కథానాయిక నవ్వితే అది ఏ రకం నవ్వో పాఠకులకి విడమరిచి చెప్పడమే వృత్తిగా పెట్టుకున్నదాన్ని. అలాంటి నేను సొంత కూతురి నవ్వు దగ్గర బోల్తా పడ్డాను.

వెంటనే ఫోను చేశాననుకోండి. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఈ బొమ్మల సంగతి తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ రోజునుంచీ ఎమోజీలనే ఈ పసుపుపచ్చ మొహాల మీద నాకు పంతం పట్టుకుంది. మా చెల్లెలి కొడుకుని గురువుగా పెట్టుకుని, ఇడ్లీలు దక్షిణగా ఇచ్చి, పాఠాలు చెప్పించుకున్నాను. ఆ బొమ్మలు వేటినీ ఇక్కడ అచ్చు వేయించడం లేదు. నవలలు రాసుకునేదాన్ని, నాకు మాటలే దిక్కు.

మొదటి పాఠం పుర్రె. మా అమ్మాయి కిందటి పుట్టినరోజుకి మొహం నిండా కేకు పూసుకున్న ఫోటో పెడితే, దాని స్నేహితురాలు కింద మూడు పుర్రె బొమ్మలు పెట్టింది. పుట్టినరోజు పూట పుర్రెలేమిటి, శుభమా అని నాకు ఒళ్ళు మండింది. ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి కూడా తీద్దామనుకున్నాను. దానర్థం "నవ్వలేక చచ్చాను" అనిట! ఓరి నాయనా, ఇది మన మాటే కదా! మా అమ్మమ్మ ఎవరి కబుర్లు చెప్పినా చివర "నవ్వలేక చచ్చాననుకో" అనేది. ఆవిడ నోట్లో ఉన్నదే ఈ పిల్లల వేళ్ళ మీదికి వచ్చింది. ఆవిడ అన్నప్పుడు ఎవరూ దిష్టి తియ్యలేదు.

రెండో పాఠం కన్నీళ్ళు. పగలబడి నవ్వుతూ రెండు కళ్ళనుంచీ నీళ్ళు చిమ్మే మొహం ఒకటుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్ళు "ఈ సంవత్సరపు మాట"గా ఎన్నుకున్నది ఏ మాటనీ కాదు, ఈ బొమ్మనే. మనవాళ్ళు కొంతమంది ఇది ఏడుపనుకుని చావు కబుర్ల కింద కూడా పెట్టి నవ్వులపాలయ్యారు. "అది పెద్దవాళ్ళ బొమ్మ పెద్దమ్మా, మా నాన్న పెడతాడు" అని తేల్చేశాడు మా గురువు. మరి వీళ్ళు నవ్వొస్తే ఏం పెడతారయ్యా అంటే, పుర్రె. లేదంటే ధారాపాతంగా ఏడ్చే మొహం. చిన్న కుక్కపిల్లని చూసినా ఏడుపే, జోకు విన్నా ఏడుపే. అంటే ఏడ్చే మొహం నవ్వుతోంది, నవ్వే మొహం ముసలిదైపోయింది, చిరునవ్వు మొహం లోపల్లోపల ఏడుస్తోంది. ఇదీ వరస.

మూడో పాఠం చేతులు జోడించిన బొమ్మ. మనం నమస్కారం కోసం, దేవుడి కోసం పెడతాం. పిల్లలు మాత్రం "నీకో దండంరా బాబూ, నన్నొదిలెయ్" అనడానికి కూడా అదే పెడతారు. ఇదీ మనదే. మన ఇళ్ళల్లో మొగుడి మీద విసిగిపోయిన ఏ ఇల్లాలు "మీకో నమస్కారం" అనలేదూ? ఆ నమస్కారంలో భక్తి ఎంతుందో మావారిని అడగండి, చెబుతారు.

నాలుగో పాఠం పైకెత్తిన బొటనవేలు. దాని సంగతి విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. అదీ చివర చెబుతాను.

ఇంకా ఉన్నాయి. వాక్యం చివర చుక్క పెడితే కోపమట. ఒక్క "కె" అనే అక్షరం పంపితే పెద్ద కోపమట. బొమ్మ ఒకటి పెడితే మర్యాద, నాలుగు పెడితే మనస్ఫూర్తి. అందరు పిల్లలూ ఇలాగే అని కాదు. ఒక్కొక్క స్నేహితుల గుంపుకి ఒక్కొక్క నిఘంటువు. ఈ ఏడు అర్థం వచ్చే ఏటికి ఉంటుందన్న పూచీ కూడా లేదు.

ఇదంతా విన్నాక మామూలుగా నా వయసు వాళ్ళు అనే మాట ఒకటుంది: "భాష పాడైపోతోంది, మళ్ళీ గుహల్లో బొమ్మలు గీసుకునే కాలానికి పోతున్నాం" అని. నేనూ అలాగే అందామనుకున్నాను. కానీ ఆలోచించిన కొద్దీ మనం పొరపాటు పడుతున్నదెక్కడో తెలిసింది. మనం దాన్ని బొమ్మగా చూస్తున్నాం. పిల్లలు దాన్ని గొంతుగా వింటున్నారు.

అలంకారశాస్త్రంలో కాకువు అని ఒకటి చెప్పారు. భరతుడి నాట్యశాస్త్రంలోనే ఉంది ఆ చర్చ. కంఠస్వరం మార్చడం వల్ల అర్థం మారడం. "ఎంత మంచివాడివి నాయనా!" అనే వాక్యం తీసుకోండి. ఒకలా అంటే ఆశీర్వాదం, ఒకలా అంటే చీవాట్లు. అక్షరాలవే. కాగితం మీద పెడితే రెండూ ఒక్కటే. ఫోనులో రాసుకునే ముచ్చట్లకి వచ్చిన చిక్కంతా ఇదే. అది రాత కాదు, మాట్లాడుకోవడమే. కానీ గొంతు లేదు. లేని గొంతు స్థానంలో ఈ బొమ్మ వచ్చి కూర్చుంది.

అసలు పుట్టుకే అలాంటిది. 1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద ఒకరికొకరు రాసుకునేవాళ్ళు. వేళాకోళానికి రాసింది కొందరు నిజమనుకుని గొడవపడుతుంటే, స్కాట్ ఫాల్మన్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. వేళాకోళమైతే చివర రెండు చుక్కలూ, ఒక గీతా, ఒక బ్రాకెట్టూ పెట్టండి, పక్కకి తిప్పి చూస్తే నవ్వే మొహంలా ఉంటుంది అన్నాడు. అంటే, ఇక్కడ గొంతు మార్చి చదువుకోండి అని గుర్తు. కాకువుకి అచ్చంగా ఒక అక్షరం కనిపెట్టాడన్నమాట. ఆ తర్వాత 1999లో జపానులో షిగెతాకా కురితా అనే ఆయన ఒక ఫోను కంపెనీ కోసం 176 బుల్లి బొమ్మలు తయారుచేశాడు. ఎమోజీ అన్నది జపాను మాటే. "ఎ" అంటే బొమ్మ, "మోజి" అంటే అక్షరం. ఇంగ్లీషు "ఎమోషన్"తో దానికి చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే. 2010లో ఇవి ప్రపంచంలోని లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో చేరాయి. ఇప్పుడు మూడు వేల ఏడు వందలు దాటాయి. 2019లో మన చీర, మన ఆటో, గుడి, ప్రమిద కూడా వచ్చి చేరాయి. చీర బొమ్మ ఎందుకు వాడతారో మా అమ్మాయిని అడిగాను. "నీకు పంపడానికేనమ్మా" అంది.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. గొంతుని రాతలో పెట్టడానికి మనకి బొమ్మలు అక్కర్లేదు. మాటకి తోకలున్నాయి. "వస్తానులే" అంటే ఇక విసిగించకు అని. "వస్తాగా" అంటే చెప్పాను కదా, ఇంకా అనుమానమెందుకూ అని. "వస్తాడట" అంటే నాకు పూచీ లేదని. "వస్తావు కదూ" అంటే బతిమాలుకోవడం. ఒక్క "సరే"లోనే ఎన్ని? "సరే", "సరేలే", "సరే మరి", "సరే కానీ". ప్రతి దానికీ ఒక మొహం ఉంది. కోడలు "సరేనండీ అత్తయ్యా" అనడానికీ, "సరేలెండి" అనడానికీ ఉన్న దూరం ఏ మూడు వేల బొమ్మలు చెప్పగలవు?

మరి మా పిల్లలకి బొమ్మ ఎందుకు కావలసి వచ్చింది? వాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారు. అందులో దీర్ఘాలు నిలవవు, ఒత్తులు నిలవవు. సగం వాక్యం ఇంగ్లీషు, మిగతా సగం తెగ్గొట్టిన తెలుగు. ఆ తెగ్గొట్టడంలో మొదట తెగేది తోకే. తోక తెగిన చోట బొమ్మ అతికించుకుంటున్నారు. నేను చూసినంతలో వాళ్ళ ఎమోజీలు చాలా భాగం మన "లే"కీ, "గా"కీ, "కదూ"కీ బదులు వచ్చినవే. అంచేత నేను వాళ్ళని భాషాద్రోహులనలేను. పోయినదేదో తెలియకుండానే, దాని లోటు మాత్రం తెలిసి, ఎక్కడినుంచో తెచ్చి పూడ్చుకుంటున్నారు పాపం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గుర్తులు మనం మాత్రం వాడలేదా? శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాస్తాం. కవరు విప్పకముందే తెలుస్తుంది శుభవార్తని. అశుభవార్త తెచ్చిన కార్డుని చదవగానే చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు. ఇక "ఉభయకుశలోపరి" సంగతి? ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, ఇన్‌లాండ్ లెటరులో మొదటి వాక్యం "ఇక్కడ మేమంతా క్షేమం". మా అమ్మ పుట్టింటికి రాసిన ప్రతి ఉత్తరమూ క్షేమంగానే మొదలయ్యేది. మా అమ్మాయి పెట్టిన ఆ సన్నటి నవ్వు మొహం ఏమిటంటే, అచ్చంగా అదే. ఈ తరం ఉభయకుశలోపరి.

మా నవలాకారిణులం మాత్రం తక్కువ తిన్నామా? "అంది ముసిముసిగా నవ్వుతూ", "అన్నాడు చిరుకోపంతో" అని ప్రతి సంభాషణ చివరా తగిలించడం ఏమిటి మరి? అవి మా ఎమోజీలు. సంభాషణలో బలం లేనప్పుడే నాకు వాటి అవసరం ఎక్కువగా కలిగిందని ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను. నా పాత నవల ఒకటి తీసి చూసుకుంటే ఒక్క పేజీలో కథానాయిక ఏడుసార్లు నవ్వింది. ఆ పేజీలో నవ్వవలసిన సంగతి ఒక్కటీ లేదు.

ఇంతవరకూ పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఇక నాకున్న అభ్యంతరాలు చెబుతాను.

మొదటిది. మా అమ్మ క్షేమమని రాసినా, మా అమ్మమ్మ ఆ ఉత్తరాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టి పట్టి చూసేది. వరసలు కిందికి జారాయా, సిరా అలుక్కుందా, సంతకం తొందరగా గిలికిందా అని. "ఇది సంతోషంగా రాసిన చెయ్యి కాదు" అనేది. చేతిరాత చాడీలు చెబుతుంది. ఎమోజీకి చేతిరాత లేదు. వణికే వేలు నొక్కినా, నవ్వే వేలు నొక్కినా ఒకే మొహం వస్తుంది. సాత్త్వికభావాలని పెద్దలు ఎనిమిది చెప్పారు. కన్నీరు, గద్గదస్వరం, చెమట, వణుకు వగైరా. అవి తెచ్చిపెట్టుకుంటే వచ్చేవి కావు. కన్నీళ్ళ బొమ్మకి కన్నీళ్ళతో పని లేదు. పిల్లలకీ ఈ సంగతి తెలిసే, నవ్వుకి పుర్రెనీ ఏడుపుకి నవ్వునీ వాడుతూ వంకర తిప్పుతున్నారేమో ననిపిస్తుంది. అరిగిపోయిన అచ్చులోంచి సొంత చేతిరాత పుట్టించాలని ఆరాటం అది. మెచ్చుకోదగ్గదే. కానీ ఆ వంకర తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. అసలు తెలియవలసిన తల్లికే తెలియదు.

రెండోది. బొమ్మ పెట్టినవాడి ఉద్దేశం ఒకటి, చూసినవాడికి తోచింది మరొకటి అయితే తీర్పు చెప్పేదెవరు? కెనడాలో సస్కాచివాన్ అనే రాష్ట్రంలో ఒక రైతుకి 2021లో ఒక ధాన్యం కంపెనీ అవిసెలు కొంటామని ఒప్పందం కాగితం ఫోటో తీసి ఫోనులో పంపింది, ఖాయం చెయ్యమంది. ఆయన బొటనవేలు బొమ్మ పంపాడు. తర్వాత సరుకు పంపలేదు. కాగితం అందిందని చెప్పానంతే అన్నాడాయన. కాదు, అది సంతకమే అంది 2023లో కోర్టు. 82 వేల డాలర్ల పైచిలుకు చెల్లించమంది. 2024లో పై కోర్టూ ఆ మాటే అంది. బొటనవేలు పోతే ఏకలవ్యుడికి విద్య పోయింది. ఈయనకి బొటనవేలు ఎత్తినందుకు సొమ్ము పోయింది.

మూడోది పిల్లల మీద కాదు, మన మీద. మా దగ్గర బంధువొకాయన పోతే, కబురు మా కుటుంబం గ్రూపులో పెట్టారు. గంట తిరక్కుండా చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. నేనూ ఒకటి పెట్టాను, పెట్టి కూర తరుక్కున్నాను. పన్నెండోరోజుకి వెళితే ఆ పిన్ని నా చెయ్యి పట్టుకుని, "దండాలు చాలా వచ్చాయే అమ్మాయ్, గొంతు ఒక్కటీ రాలేదు" అంది. నాకు తలెత్తి ఆవిడ మొహం చూడడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు నాకు తేడా స్పష్టంగా కనిపించింది. పిల్లలు బొమ్మని మాట చివర పెడుతున్నారు. పెద్దలం మాటకి బదులు పెడుతున్నాం. మాట చివర ఉన్నంతసేపూ అది కాకువు, దానికి రసం ఉంది, చమత్కారం ఉంది. మాట్లాడవలసిన చోట మాటని తప్పించుకోవడానికి వాడితే అది మొహం చాటెయ్యడం. పిల్లలు వాడినా అంతే, పెద్దలు వాడినా అంతే. నాకు తోచిన విమర్శ ఇంతే, ఇంతకంటే శాస్త్రం లేదు.

ఇక ఆ ఫోను సంగతి.

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి "అమ్మా" అంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ దీర్ఘం రాదు, చెప్పాను కదా. ఆ ఒక్క దీర్ఘంలోనే నాకు మూడురోజుల సంగతి వినిపించింది. రెండు సబ్జెక్టులు పోయాయి. ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో సరిగా అన్నం తినడం లేదు.

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అన్నాను.

"చెప్పానమ్మా. పరీక్ష సరిగ్గా రాయలేదని పోయిన నెల్లో మెసేజ్ పెట్టాగా. నువ్వు బొటనవేలు పెట్టావు."

నాకు గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఒక చేత్తో గిన్నె దించుతూ, రెండో చేత్తో బొటనవేలు నొక్కాను. "ఫరవాలేదు, ధైర్యంగా ఉండు, నేనున్నాను" అని నా ఉద్దేశం. వాళ్ళ నిఘంటువులో దానర్థం "సరే, చూశాను, ఇక చాలు" అని. అమ్మకి కోపం వచ్చిందనుకుంది పిచ్చిపిల్ల. కోపంగా ఉన్న అమ్మకి ఇంకేం చెబుతుంది? సన్నటి నవ్వు మొహం పెట్టి ఊరుకుంది. ఇద్దరం ఇంటి భాషే మాట్లాడుకుంటున్నామనుకున్నాం. నెల రోజులు ఒకరి మాట ఒకరికి చేరలేదు.

ఆ పూట ఫోనులో గంటన్నర మాట్లాడుకున్నాం. ఏడుపు ఆమెది కొంతా, నాది కొంతా. చివరికి తల్లీకూతుళ్ళం ఒక ఒప్పందానికి వచ్చాం. మామూలు రోజుల్లో పుర్రెలైనా, పువ్వులైనా దాని ఇష్టం, నేనూ నేర్చుకుంటాను. నిజంగా కష్టం వచ్చిన రోజున మాత్రం ఏ బొమ్మా వద్దు. తెలుగు అక్షరాల్లో, పూర్తి దీర్ఘంతో, "అమ్మా" అని ఒక్క మాట రాస్తే చాలు. నేనెక్కడున్నా ఫోను చేస్తాను.

మొన్న ఆదివారం ఈ వ్యాసం రాస్తూ కూర్చుని ఉండగా ఫోను మోగింది. చూస్తే తెలుగులో, పూర్తి దీర్ఘంతో, "అమ్మా". నా గుండె జారిపోయింది. కలం పడేసి వణికే చేత్తో ఫోను చేశాను.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. గోంగూర కడిగాక ఆరబెట్టాలా, అక్కర్లేదా? ఇక్కడ నలుగురం పొయ్యి దగ్గర నించున్నాం. నువ్వు వెంటనే ఎత్తుతావని అలా రాశా."

తిట్టాను. ఆరబెట్టమన్నాను. ఫోను పెట్టేశాక అది మూడు పుర్రెలు పంపింది. నేను కూడా వెతికి వెతికి ఒక పుర్రె పంపాను.

"అమ్మా, నీకు దండం" అని రాసింది. ఆ దండం ఏ రకందో నాకు ఇప్పుడు తెలుసు.